కేసరి పప్పు నుంచి మతిమరుపు దాకా
డాక్టర్ విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారి పరిశోధనల కథ

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. సంఘం పెట్టిన తొలి బ్యాచీలవాళ్ళం ఇప్పుడు డెబ్బై ఏళ్ళకు అటూఇటూగా ఉన్నాం. కలుసుకున్నప్పుడల్లా ఒకప్పుడు ఉద్యోగాల గురించి, తర్వాత పిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, షుగరు, బి.పి. గురించి నవ్వుతూనే చెప్పుకుంటున్నాం. ఒక్క విషయం దగ్గర మాత్రం గొంతు తగ్గుతుంది. ఫలానా వాళ్ళ అమ్మగారు కన్నకొడుకును గుర్తుపట్టడం లేదట. ఫలానా మాస్టారు ఇంటి నుంచి బజారుకు వెళ్ళి తిరిగి దారి తెలియక నిలబడిపోయారట. ఫలానా స్నేహితుడి చెయ్యి వణుకుతోందట, సంతకం చిన్నదైపోతోందట.

"వయసు మీద పడింది కదా, మామూలే" అని ఆ మాటను అక్కడితో ఆపేయడం మన అలవాటు. అది మామూలు కాదనీ, ఆ జబ్బులకు కారణాలు వెతకవచ్చనీ, కొంతవరకైనా అడ్డుకోవచ్చనీ నమ్మి నాలుగు దశాబ్దాలు పనిచేసిన ఒక శాస్త్రవేత్త కథను ఈ స్వర్ణోత్సవ సంచికలో చెప్పుకోవడం సముచితమనిపించింది. ఆమె డాక్టర్ విజయలక్ష్మీ రవీంద్రనాథ్. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆమె కథ సరిగ్గా అర్థం కావాలంటే ముందు ఒక పప్పు గింజ కథ తెలియాలి. అందుకని దాదాపు రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్దాం.

కరువులో మిగిలిన పంట

థగ్గులను అణచిన అధికారిగా మన చరిత్ర పుస్తకాల్లో కనిపించే స్లీమన్ మధ్య భారతంలోని సాగర్ ప్రాంతంలో పనిచేశాడు. 1844లో అచ్చయిన తన పుస్తకంలో అక్కడ చూసిన ఒక వింత జబ్బు గురించి రాశాడు. 1829 నుంచి వరుసగా గోధుమ పంట దెబ్బతింది. చేలల్లో గోధుమ పోయినా ఒక మొండి పప్పు మొక్క మాత్రం బతికింది. జనం దాన్నే తిన్నారు. 1833 నుంచి ఆ ఊళ్ళలో ముప్పై ఏళ్ళలోపు పడుచువాళ్ళకు నడుము కింది భాగం చచ్చుబడటం మొదలైంది. నొప్పి లేదు, జ్వరం లేదు. రాత్రి బాగానే పడుకున్న మనిషి పొద్దున లేచేసరికి కాళ్ళు బిగుసుకుపోయి ఉండేవి.

ఆ పప్పే కేసరి పప్పు. తెలుగులో లంకపప్పు అని కూడా అంటారు. చూడటానికి కందిపప్పులాగే ఉంటుంది. అందుకే కందిపప్పులోనూ, దాని పిండిని శనగపిండిలోనూ కల్తీ చేసేవారు. వాన రాకపోయినా, చేలో నీళ్ళు నిలిచినా ఈ మొక్క చావదు. ఎరువు అడగదు, పెద్దగా పని పెట్టదు. కరువు రోజుల్లో పేదవాడికి అన్నం పెట్టేది అదే, అతని కాళ్ళు తీసేదీ అదే. రోజూ కొద్దిగా తింటే ఏమీ కాదు. తిండిలో ఎక్కువ భాగం అదే అయి, రెండు మూడు నెలలు గడిస్తే ప్రమాదం. మధ్యప్రదేశ్ లో కొన్ని చోట్ల కట్టుకూలీలకు భూస్వాములు కూలి కింద ఈ గింజలే కొలిచేవారు. అక్కడ ఇది ఒక్క కరువు ఏడాది జబ్బుగా కాక ఏటేటా వచ్చే జబ్బుగా స్థిరపడింది.

1873లో ఇటలీలోని నేపుల్స్ కు చెందిన కంటాని అనే వైద్యుడు ఈ జబ్బుకు లాథిరిజం అని పేరు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాప్నియార్కా నిర్బంధ శిబిరంలో యూదు ఖైదీలకు ఈ గింజలే తిండిగా పెట్టారు. వందలాది మందికి కాళ్ళు పడిపోయాయి. తానూ ఖైదీగా ఉన్న ఆర్థర్ కెస్లర్ అనే వైద్యుడు జబ్బును గుర్తుపట్టి, ఆ తిండి మానిపించాలని పోరాడాడు.

రోగులను వైద్యులు వర్గీకరించిన తీరు చూస్తేనే గుండె బరువెక్కుతుంది. కర్ర లేకుండా కుంటుతూ నడిచేవారు, ఒక కర్రతో నడిచేవారు, రెండు కర్రలతో నడిచేవారు, ఇక నడవలేక చేతుల మీద పాకేవారు. బుద్ధి చెక్కుచెదరదు, స్పర్శ పోదు. పప్పు మానేస్తే జబ్బు ముదరడం ఆగుతుంది. కానీ పోయిన నడక తిరిగి రాదు. మెదడు నుంచి వెన్నుపాము గుండా కాళ్ళకు ఆజ్ఞలు తీసుకుపోయే నాడీకణాలు దెబ్బతినడమే దీనికి కారణం. నాడీకణాలు క్రమంగా నశించే జబ్బులను నాడీక్షయ వ్యాధులు అంటారు. అల్జీమర్స్, పార్కిన్సన్ వ్యాధులు ఆ కోవలోవే. లాథిరిజం వాటికి పేదింటి చుట్టం.

విషాన్ని పట్టుకున్నవారు

ఆ గింజలో ఉన్న విషమేమిటో తేల్చింది మన దేశపు ప్రయోగశాలలే. 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ జీవరసాయన శాఖలో ఎస్.ఎల్.ఎన్.రావు, పి.ఆర్.అడిగ, పి.ఎస్.శర్మ గార్లు కేసరి గింజల నుంచి ఒక అమైనో ఆమ్లాన్ని వేరుచేసి దాని నిర్మాణాన్ని ప్రకటించారు. ఒక రోజు వయసున్న కోడిపిల్లలకు ఇస్తే అవి కొట్టుకుని మెడలు విరుచుకున్నాయి. దాని పూర్తి పేరు నోరు తిరగనిది, ఓడాప్ అన్నది పొట్టి పేరు. బోవా అని కూడా అంటారు. మెదడులో ఒక కణం మరో కణానికి కబురు పంపడానికి వాడే గ్లుటమేట్ అనే పదార్థాన్ని ఇది అచ్చంగా పోలి ఉంటుంది. అసలు గ్లుటమేట్ కబురు చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఇది తలుపు తడుతూనే ఉంటుంది. కణం ఉద్రేకపడి, అలిసి, చివరకు చస్తుంది. ఎస్.ఎల్.ఎన్.రావు గారు తర్వాత హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రం బోధిస్తూ, గింజల్లో ఈ విషం ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతిని 1978లో ప్రకటించారు. ప్రపంచంలో కేసరి మీద పనిచేసేవారు ఎన్నో ఏళ్ళు ఆ పద్ధతినే వాడారు.

హైదరాబాదుకు ఈ కథలో ఇంకో పాత్ర ఉంది. 1958లో కూనూరు నుంచి తార్నాకకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలోనే, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థలోనే, డాక్టర్ సి.గోపాలన్ గారి బృందం ఇంటి వంటింట్లో చేయగల ఉపాయం కనిపెట్టింది. పప్పును వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే విషంలో చాలా భాగం పోతుంది. బియ్యం ఉప్పుడు చేసినట్టు గింజలను ఉప్పుడు చేసినా అంతే. 1966లో ఈ పద్ధతులు అచ్చయ్యాయి. అంతకుముందే, 1961లో, ఈ పప్పు అమ్మకాన్ని నిషేధించే నిబంధనను కేంద్ర ప్రభుత్వం తెచ్చింది. అమలు మాత్రం రాష్ట్రాలకు వదిలేసింది. పండే రాష్ట్రాల్లో కొన్ని దాన్ని అమలు చేయనే లేదు.

విషం పేరు తెలిసింది, తీసే ఉపాయం తెలిసింది. రెండు ప్రశ్నలు మాత్రం మిగిలిపోయాయి. ఒంట్లో ఇన్ని కోట్ల కణాలుండగా ఈ విషం కాళ్ళను కదిలించే కణాలనే ఎందుకు చంపుతుంది? ఒకే కుండలో వండిన పప్పు ఇంటిల్లిపాదీ తింటే, మగవాళ్ళకు వచ్చినంతగా ఆడవాళ్ళకు ఈ జబ్బు ఎందుకు రాదు? మగవాళ్ళు ఎక్కువ తింటారు, ఎక్కువ కష్టపడతారు అని సరిపెట్టుకున్నారు. ఆ జవాబుతో సరిపెట్టుకోని పరిశోధకురాలు విజయలక్ష్మి గారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి నిమ్హాన్స్ కు

విజయలక్ష్మి గారు 1953లో మద్రాసులో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. పట్టాలు, 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో కొంతకాలం పనిచేసి తిరిగివచ్చి, 1986లో బెంగళూరు నిమ్హాన్స్ లో చేరారు. మానసిక రోగులకు, నరాల జబ్బులవారికి దేశం నలుమూలల నుంచి దిక్కయిన ఆసుపత్రి అది. మన రాయలసీమ నుంచి ఎందరో రోగులు అక్కడికే వెళ్తారు. ఒక పక్క వార్డు, ఒక పక్క ప్రయోగశాల ఉండే చోట పనిచేయడం ఆమె పరిశోధనకు దారి చూపింది.

ఆమె మొదట పట్టుకున్న విషయం మందుల గురించి. మనం మింగిన మాత్రను విరిచి బయటికి పంపే పని కాలేయానిదని పాఠాల్లో చదువుకున్నాం. మెదడు కూడా ఆ పని చేసుకుంటుందా? శవపరీక్షలో లభించిన మానవ మెదడు భాగాలను పరీక్షించి, అక్కడా ఆ ఎంజైములు ఉన్నాయని డాక్టర్ ఎస్.కె.శంకర్ ప్రభృతులతో కలిసి 1989లో చూపించారు. తర్వాత 2008లో ఆమె బృందం, ఆందోళన తగ్గించడానికి ఇచ్చే ఆల్ప్రజోలామ్ అనే మందును మెదడు, కాలేయం ఒకేలా విరవవని తేల్చింది. రక్తంలో మందు ఎంతుందో కొలిచి మెదడులో ఏం జరుగుతోందో చెప్పలేమని దీని అర్థం. ఒకే మాత్ర ఒకరికి పనిచేసి మరొకరికి ఎందుకు పనిచేయదు అన్న ప్రశ్నకు ఇది ఒక మెట్టు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి పరిశోధన ఎలుకల మీద మాత్రమే జరిగితే సగమే. మనిషి మెదడు కావాలి. 1995లో శంకర్ గారి ఆధ్వర్యంలో నిమ్హాన్స్ లో మానవ మెదడు భాండాగారం ఏర్పడింది. పుట్టెడు దుఃఖంలో ఉండి కూడా, చనిపోయిన తమవారి మెదడును ఇవ్వడానికి సంతకం పెట్టిన కుటుంబాల దయ వల్ల అది నిలబడింది. ఏ పరిశోధన పత్రంలోనూ వాళ్ళ పేర్లు ఉండవు.

కణంలో పొయ్యి ఆరిపోతే

కేసరి పప్పు విషం మీద ఆమె బృందం చేసిన పని 1993లో వెలుగు చూసింది. కథ చెప్పేముందు హైస్కూలు పాఠం ఒకటి గుర్తు చేసుకుందాం. ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనేవి ఉంటాయి. అవి కణానికి పొయ్యి లాంటివి. మనం తిన్న అన్నాన్ని మండించి శక్తినిచ్చేది అక్కడే. ఆ పొయ్యిలో వరుసగా కొన్ని యంత్రాలు పనిచేస్తాయి. వాటిలో మొదటిది కాంప్లెక్స్ 1. కేసరి విషం మెదడులో ఈ మొదటి యంత్రాన్నే ఆపేస్తోందని ఆమె బృందం గమనించింది. 1998లో మరికొంత స్పష్టత వచ్చింది. ఎలుకలకు విషం ఇచ్చినప్పుడు ఈ నష్టం మెదడంతా జరగలేదు. కదలికను శాసించే మెదడు పొర మీద, నడుము దగ్గరి వెన్నుపాములో మాత్రమే జరిగింది. అంటే కేసరి రోగికి ఎక్కడ దెబ్బ తగులుతుందో సరిగ్గా అక్కడే. కణం చావడం తర్వాతి సంగతి, పొయ్యి ఆరడం ముందు జరిగేది.

ఎలా ఆరుతుంది? ప్రొటీన్లలో గంధకం ఉన్న కొన్ని చోట్లు ఉంటాయి. కణంలో ఒత్తిడి పెరిగినప్పుడు అవి ఆక్సీకరణ చెంది బిగుసుకుంటాయి. వాడుకభాషలో చెప్పాలంటే తాళానికి తుప్పు పట్టినట్టు. తుప్పు పట్టిన తాళం తిరగదు, కాంప్లెక్స్ 1 కూడా అంతే. అయితే తుప్పు వదిలించే ఏర్పాటు కూడా కణంలోనే ఉంది. గ్లుటాథయోన్ అనే పదార్థం సాయంతో గ్లుటారెడాక్సిన్ అనే ప్రొటీను ఆ పని చేస్తుంది. విషానికి ముందే తుప్పును అడ్డుకునే పదార్థాలు ఇస్తే ఎలుకల్లో నష్టం తప్పింది. దెబ్బతిన్న కణాలు కోలుకోవడం గ్లుటారెడాక్సిన్ చలవే అని ఆమె బృందం 2002లో చూపించింది.

ఆడవాళ్ళను కాపాడిందేమిటి?

ఇప్పుడు ఆ రెండో ప్రశ్నకు వద్దాం. ఆడ ఎలుకలకు, మగ ఎలుకలకు ఒకే రకంగా హాని చేసే పదార్థం ఇచ్చి చూస్తే, ఆడ ఎలుకల మెదడు తట్టుకుంది. వాటి మెదడులో గ్లుటారెడాక్సిన్ మొదటి నుంచీ ఎక్కువగా ఉంది. దాని వెనుక స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ పాత్ర ఉంది. ఆ ప్రొటీనును తగ్గిస్తే ఆడ ఎలుకల కణాల్లోనూ పొయ్యి ఆరడం మొదలైంది. 2004, 2007 సంవత్సరాల్లో వచ్చిన ఆ పత్రాలను వరుసగా చదువుతుంటే, సాగర్ జిల్లా ఇళ్ళలో ఒకే కుండ పప్పు తిని నిలబడిన ఆడవాళ్ళు కళ్ళ ముందు కదులుతారు. వాళ్ళను కాపాడింది తక్కువ తినడం ఒక్కటే కాదు, వాళ్ళ ఒంట్లో ఉన్న కాపలా కూడా అయివుండాలి.

ఇందులో నాకు నచ్చినది ఆలోచించే పద్ధతి. వైద్యశాస్త్రం సాధారణంగా జబ్బు పడినవాణ్ణి చూస్తుంది. విజయలక్ష్మి గారి పనిలో మళ్ళీ మళ్ళీ కనిపించే ప్రశ్న వేరు. జబ్బు పడవలసిన చోట పడకుండా నిలబడినవాళ్ళు ఎవరు, వాళ్ళను నిలబెట్టిందేమిటి? ఆమె పరిశోధనలన్నిటినీ కట్టిన దారం ఇదేనని నా అభిప్రాయం.

వణుకుడు జబ్బుతో చుట్టరికం

కేసరి పప్పు ఊసు ఎక్కడ, పార్కిన్సన్ వ్యాధి ఊసు ఎక్కడ అనిపించవచ్చు. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు హెరాయిన్ కు బదులుగా దొంగచాటుగా తయారుచేసిన మత్తుమందు ఎక్కించుకుని, కొద్ది రోజుల్లోనే కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయారు. ముసలితనంలో రావలసిన పార్కిన్సన్ లక్షణాలు పడుచు వయసులో వచ్చాయి. లాంగ్‌స్టన్ అనే వైద్యుడు కారణం కనిపెట్టాడు. ఆ మందులో ఎం.పి.టి.పి. అనే కల్తీ పదార్థం ఉంది. అది మెదడులో చేరి ఆపేసేది కూడా ఆ కాంప్లెక్స్ 1నే. 1989లో అసలు పార్కిన్సన్ రోగుల మెదడులోనూ కాంప్లెక్స్ 1 కుంటుపడి ఉందని ఇంగ్లండు శాస్త్రవేత్తలు చూపించారు. ఒక దేశంలో కూలివాడి పప్పు, ఇంకో దేశంలో కుర్రవాళ్ళ మత్తుమందు, చివరకు చేరింది ఒకే పొయ్యి దగ్గరికి.

అందుకే విజయలక్ష్మి గారి బృందం కేసరి విషం దగ్గర నేర్చుకున్న పాఠాన్ని పార్కిన్సన్ వ్యాధికి పట్టించింది. పైన చెప్పిన 2004 నాటి పని ఎం.పి.టి.పి.తో చేసినదే. పార్కిన్సన్ మగవాళ్ళలోనే ఎక్కువగా కనిపించే జబ్బన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. కణం చావడానికి ముందు లోపల ఏ సంకేతాలు ఒకదాని వెంట ఒకటి మోగుతాయో, లైపోయిక్ ఆమ్లం వంటివి వాటిని ఎలా అడ్డుకుంటాయో 2007లో ఎలుకల మీద చూపించారు. పేదల జబ్బు కదా అని పక్కన పెట్టిన విషయం, అన్ని దేశాల ముసలివాళ్ళకూ పనికివచ్చే జ్ఞానానికి తలుపు తీసింది.

ఈ కృషికి 1996లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 2010లో పద్మశ్రీ లభించాయి. 2000 నుంచి 2009 దాకా హర్యానాలోని మానేసర్ లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి ఆమె వ్యవస్థాపక డైరెక్టరు. తర్వాత బెంగళూరుకు తిరిగివచ్చి భారతీయ విజ్ఞాన సంస్థలో నాడీశాస్త్ర కేంద్రాన్ని, ఆపైన అదే ఆవరణలో మెదడు పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టారు. 1964లో కేసరి విషాన్ని పట్టుకున్న సంస్థ కూడా అదేనని మీకు గుర్తుండే ఉంటుంది.

మరుపు మొదలయ్యే చోటు

అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో అమైలాయిడ్ అనే ప్రొటీను పేరుకుంటుంది. కణాలు చనిపోయాక, జ్ఞాపకాలు చెరిగిపోయాక మందు వెతకడం ఇల్లు కాలాక బావి తవ్వడం లాంటిది. కణం బతికి ఉండగానే మొదట చెడేదేమిటో ఆమె బృందం వెతికింది. రెండు నాడీకణాలు కబురందుకునే చోట చిన్న చిన్న మొలకల వంటివి ఉంటాయి. వాటిని నిటారుగా నిలబెట్టే వాసాలు ఆక్టిన్ అనే ప్రొటీనుతో కట్టినవి. అల్జీమర్స్ లక్షణాలు కలిగేలా పెంచిన ఎలుకల్లో ఈ వాసాలు చాలా ముందే ఊడిపోతున్నాయని 2018లో రెడ్డి పీర కొమ్మద్ది తదితరులతో కలిసి ప్రకటించారు.

దానికన్నా ముందు, 2012లో, మన పత్రికల్లో సందడి చేసిన పత్రం ఒకటి ఉంది. అశ్వగంధ వేరు, అంటే మన పెన్నేరు గడ్డ, నుంచి తీసిన సారాన్ని అల్జీమర్స్ ఎలుకలకు 30 రోజులు నోటి ద్వారా ఇచ్చారు. ముసలి ఎలుకల్లో కూడా మెదడులోని అమైలాయిడ్ తగ్గింది, దారి మరచినవి మళ్ళీ నేర్చుకున్నాయి. అసలు విశేషం మందు పనిచేసిన చోటు. అది మెదడులో కాక కాలేయంలో పనిచేసింది. కాలేయంలో ఎల్.ఆర్.పి. అనే ప్రొటీను పెరిగి, మెదడులోని అమైలాయిడ్ ను రక్తంలోకి లాగి వదిలించింది. కాలేయంలో ఆ ప్రొటీనును అణచివేస్తే మందు ఫలితం పోయింది.

మిత్రులకు ఒక హెచ్చరిక. ఇది ఎలుకల్లో వచ్చిన ఫలితం. మనుషుల్లో అల్జీమర్స్ ను అశ్వగంధ నయం చేస్తుందని దీన్నిబట్టి చెప్పలేం. పైగా అశ్వగంధ మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వాట్సాప్ లో వచ్చిన సందేశం చూసి డబ్బా కొనేముందు డాక్టరును అడగండి.

శ్రీనివాసపురం ఊళ్ళలో

ప్రయోగశాలలో ఎలుకకు జబ్బు తెప్పించవచ్చు, కానీ మనిషి ముసలితనం ఊళ్ళో జరుగుతుంది. ఏ మనిషికి మరుపు వస్తుంది, పక్కింటి మనిషికి ఎందుకు రాదు అని తెలియాలంటే, ఆరోగ్యంగా ఉన్నప్పటి నుంచే వేలమందిని ఏళ్ళ తరబడి గమనించాలి. అటువంటి అధ్యయనాలు పాశ్చాత్య దేశాల్లో జరిగాయి. మన తిండి, మన చదువు, మన జన్యువులు వేరు.

అందుకని 2018లో కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో ఒక పెద్ద పని మొదలుపెట్టారు. 45 ఏళ్ళు దాటిన 10,000 మంది గ్రామీణులను ఎంచుకుని, జ్ఞాపకశక్తి, రక్తం, జన్యువులు, మెదడు చిత్రాలు అన్నీ కాలక్రమంలో మళ్ళీ మళ్ళీ పరిశీలించడం లక్ష్యం. పోల్చి చూడటానికి బెంగళూరు నగరవాసులతో మరో అధ్యయనం నడుస్తోంది. మామిడి తోటలకు పేరుపడిన శ్రీనివాసపురం మనకు పరాయి ఊరు కాదు. మన సరిహద్దుకు ఆనుకునే ఉంది. ఆ పల్లెల్లో కన్నడంతోపాటు తెలుగూ ఇంటి భాషే. రేపు మరుపు గురించి తేలబోయే నిజాల్లో తెలుగు అవ్వాతాతల వంతు కూడా ఉంటుందన్నమాట.

అవసరం ఎంతటిదో ఒక్క లెక్క చాలు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, మతిమరుపు వ్యాధి ఉంది. నగరాల్లో కన్నా పల్లెల్లో, మగవారిలో కన్నా ఆడవారిలో ఎక్కువ. కేసరి విషానికి, ఎం.పి.టి.పి.కి ఎదురు నిలిచిన కాపలా ముసలితనంలో మరుపు దగ్గర ఆడవాళ్ళను కాపాడలేకపోతోంది. బడికి పోలేకపోవడం, ఒంటరితనం, పట్టించుకోని బి.పి. వంటివన్నీ అక్కడ లెక్కలోకి వస్తాయి.

కాపాడేదేమిటి?

నిలబడినవాళ్ళను చూడాలన్న ప్రశ్న హైదరాబాదులోనూ ఒక గొప్ప జవాబు తెచ్చింది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది మతిమరుపు రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. అసలు బడి ముఖమే చూడనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడే హైదరాబాదు బజారు ఈ విషయంలో ఒక పెద్ద ప్రయోగశాల.

2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘం మతిమరుపును పెంచే 14 కారణాలను జాబితా వేసింది. వాటన్నిటినీ సరిదిద్దగలిగితే 45 శాతం దాకా జబ్బును నివారించడానికో వాయిదా వేయడానికో వీలుంటుందని లెక్కకట్టింది. బి.పి., షుగరు, చెడ్డ కొలెస్ట్రాలు, పొగతాగడం, మద్యం, వినికిడి లోపం, చూపు మందగించడం, తలకు దెబ్బ, కుంగుబాటు, కదలిక లేకపోవడం, ఒంటరితనం ఇలాంటివి అవి. ఆ జాబితాలో, మనిషి జీవితంలో అన్నిటికన్నా ముందుగా వచ్చే కారణం చిన్నతనంలో చదువు లేకపోవడం.

ఈ వాక్యం దగ్గర మనలాంటి సంఘం కాస్త ఆగాలి. మన బడిలో చదివినప్పుడు ఉద్యోగం కోసం చదివామనుకున్నాం. ఎక్కాలు, పద్యాలు, హిందీ వ్యాకరణం, ఇంగ్లీషు స్పెల్లింగులు చెవులు మెలిపెట్టి నేర్పించిన మాస్టార్లు మన ముసలితనానికి కూడా కొంత మూట కట్టి పెట్టారన్నమాట. ఆ మూట అందనివాళ్ళు మన చుట్టూనే ఉన్నారు. మన అక్కచెల్లెళ్ళలో ఎందరినో అయిదో తరగతితో మాన్పించారు. వాళ్ళిప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉన్నారు.

అందుకే సంఘానికి నాదొక విన్నపం. ఏటా పెట్టే ఉచిత వైద్య శిబిరంలో బి.పి., షుగరుతో పాటు చెవి, కంటి పరీక్ష, జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేర్చండి. ఆ పరీక్ష చదువురానివారికి కూడా సరిపోయేదిగా ఉండాలి. మన వీధిలో ఒక ముసలమ్మ అడిగిందే అడుగుతుంటే విసుక్కోకుండా డాక్టరుకు చూపించమని వాళ్ళవాళ్ళకు చెప్పండి. థైరాయిడ్ లోపం, బి-12 లోపం, కుంగుబాటు వల్ల వచ్చే మరుపు చాలావరకు బాగవుతుంది. బాగు కాని మరుపు అయినా, ముందే తెలిస్తే ఇంటివాళ్ళు సిద్ధపడతారు, ఆ మనిషికి గౌరవం దక్కుతుంది. ఇక మన బడిలో ఏడో తరగతితో మానేయబోయే ఆడపిల్లకు సంఘం ఫీజు కడితే, అది ఆమెకు ఉద్యోగమొక్కటే ఇవ్వదు. అరవై ఏళ్ళ తర్వాత ఆమె మనవళ్ళ పేర్లు ఆమెకు గుర్తుండటానికీ సాయపడవచ్చు.

కేసరి పప్పు తిన్న కూలివాడి కాళ్ళ దగ్గర మొదలైన ప్రశ్న శ్రీనివాసపురం ముసలమ్మ జ్ఞాపకాల దాకా నడిచింది. ఒక శాస్త్రవేత్త ఆ ప్రశ్నను నాలుగు దశాబ్దాలు వదలకుండా పట్టుకున్నారు. ఎవరు నిలబడ్డారో చూడటం ఆమె పని. మన ఊళ్ళో ఇంకొందరు నిలబడేలా చూడటం మన పని.